ఇలియడ్ మొత్తం చదివాను, గుర్రం ఎక్కడ?

గోదారిగట్టు
నెలన్నర పట్టింది. రోజూ భోజనాలయ్యాక పదిపన్నెండు పేజీల చొప్పున చదివాను. గ్రీకు కవి హోమర్ కావ్యానికి నెట్‌లో ఉచితంగా దొరికిన పాత ఇంగ్లీషు వచనం. గ్రీకులు కడుపులో దాక్కుని ట్రాయ్ ఊళ్ళోకి దూరిన చెక్కగుర్రం కథ, చిన్నప్పుడు విన్నది, బుర్రలోంచి పోలేదు, అసలు దానికోసమే మొదలుపెట్టాను. నిన్న రాత్రి చివరి పేజీకి వచ్చాను. ట్రాయ్ రాజకుమారుడు హెక్టర్ అంత్యక్రియలు జరిగాయి, అందరూ కూర్చుని భోజనం చేశారు, అంతే, అయిపోయింది! గుర్రం లేదు. గ్రీకు వీరుడు అకిలీస్ మడమకి బాణం తగల్లేదు. ట్రాయ్ తగలబడలేదు. యుద్ధానికి కారణమైన హెలెన్‌ని తీసుకుపోయిన ముచ్చటైనా ఉంటుందనుకుంటే, కథ మొదలయ్యేసరికే యుద్ధం పదో ఏట ఉంది. నా ప్రతిలో పేజీలు ఎగిరిపోయాయా? ఇంకోటి, ఈ జోవ్ ఎవరు, మినర్వా ఎవరు? అథీనా ఎప్పుడొస్తుందా అని చివరిదాకా చూశాను.

చదువరి74
పేజీలు ఏవీ పోలేదు. 24 భాగాలు, 15,000 పైచిలుకు పంక్తులు, అంతా అంతే. మీరు చదివినది 19వ శతాబ్దపు అనువాదం అయ్యుండాలి. అప్పట్లో ఇంగ్లీషువాళ్ళు గ్రీకు దేవతలకి రోమన్ పేర్లు పెట్టేసేవారు. జోవ్ అంటే దేవతల రాజు జ్యూస్. మినర్వానే మీ అథీనా. అంటే మీరు ఆవిడ కోసం ఎదురుచూస్తున్నంతసేపూ ఆవిడ మీ ముందే తిరుగుతోంది.

అత్తిలి_అబ్బాయి
అయ్యో, జుట్టు పట్టుకుని అకిలీస్‌ని వెనక్కి లాగింది కూడా ఆవిడే! మొదటి భాగంలోనే.

గోదారిగట్టు
అది మినర్వా అని చదివి ఎవరో చిన్న దేవత అనుకుని ముందుకు వెళ్ళిపోయాను. సరే, అది నా పొరపాటు. మరి గుర్రం?

ఓరుగల్లు_పిల్ల
గుర్రం హోమర్ ఇంకో కావ్యం ఒడిస్సీలో ఉంది, అదీ ఎవరో గుర్తుచేసుకుంటుంటే వస్తుంది. నాలుగో భాగంలో హెలెన్ భర్త మెనెలాస్ చెప్తాడు. గుర్రం కడుపులో గ్రీకులంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. హెలెన్ దాని చుట్టూ మూడుసార్లు తిరుగుతూ, చేత్తో తడుముతూ, ఒక్కొక్కడినీ వాడి పెళ్ళాం గొంతుతో పిలిచింది. పదేళ్ళయింది ఇల్లు చూసి. ఆంటిక్లస్ అనేవాడు ఆగలేక పలకబోయాడు. ఆ కావ్యానికి నాయకుడైన ఒడిస్సియస్ రెండు చేతులతో వాడి నోరు గట్టిగా నొక్కిపట్టాడు, ఆమె వెళ్ళిపోయేదాకా వదల్లేదు. అందరి ప్రాణాలూ అలా దక్కాయి. నాకైతే ఊరు తగలబడటం కన్నా ఈ ఘట్టమే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

మళ్ళీ ఎనిమిదో భాగంలో డెమోడొకస్ అనే గుడ్డి గాయకుడు ఒక విందులో ఉంటాడు. ఒడిస్సియస్ తన పేరు చెప్పకుండా అక్కడ అతిథిగా కూర్చుని, "ఆ గుర్రం పాట పాడు" అని తనే అడుగుతాడు. పాడుతుంటే తనే ఏడుస్తాడు. ఎలా ఏడ్చాడంటే, ఊరి ముందు యుద్ధంలో పడిపోయిన భర్త మీద పడి ఒక ఆడది ఏడుస్తుంటే, వెనకనుంచి శత్రువులు బల్లేలతో పొడుస్తూ బానిసగా తోలుకుపోతారు చూడండి, అలా ఏడ్చాడట. ఆ ఊరు కూల్చినవాడే, కూలిన ఊరి ఆడదానిలా ఏడుస్తున్నాడు. ఇది రాసినవాడు ఎంత మనిషో!

లెక్కలమాస్టారు
మనందరికీ తెలిసిన గుర్రం కథ, అంటే ట్రాయ్ పూజారి లవొకూన్ గుర్రం మీద ఈటె విసరడం, పాములు వచ్చి అతన్ని చుట్టుకోవడం, గ్రీకుల మనిషి సైనన్ అబద్ధాలు చెప్పడం, ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పింది రోమన్ కవి వర్జిల్. ఆయన కావ్యం ఈనియడ్‌లో రెండో భాగం. ఆయన చనిపోయింది క్రీ.పూ. 19లో. హోమర్‌కీ ఆయనకీ మధ్య ఏడు వందల ఏళ్ళ దూరం. పైగా ఆయన ట్రాయ్ వైపునుంచి చెప్తాడు. మోసపోయినవాళ్ళు చెప్తే ఆ కథ బరువే వేరు.

రాతిపలక
వర్జిల్ కన్నా ముందు బొమ్మ ఉంది మాస్టారూ. మికొనొస్ ద్వీపంలో 1961లో ఒక పెద్ద మట్టి గోలెం దొరికింది. క్రీ.పూ. 670 ప్రాంతానిది. మెడ మీద గుర్రం, దాని కాళ్ళకి చక్రాలు, పక్కల మీద చిన్న చిన్న చతురస్రపు కిటికీలు, ఒక్కో కిటికీలోంచి ఒక్కో సైనికుడి తల. కొందరు కత్తులు బయటికి చాచి పట్టుకున్నారు. లోపల మనుషులున్నారని మనకి తెలియాలి కదా, అందుకని కుమ్మరి కిటికీలు పెట్టాడు. గోలెం పొట్ట మీద మాత్రం ఆడవాళ్ళ ముందే పసిపిల్లల్ని చంపుతున్న బొమ్మలు, వరసగా. ఫొటోలో చూసినా మనసు పాడవుతుంది.

సముద్రపుగాలి
మరి హోమర్‌కి కథ మొత్తం తెలిసినప్పుడు మొత్తం ఎందుకు చెప్పలేదు? నాకు ఇది లోపంగానే అనిపిస్తుంది. రామాయణం మొదలుపెట్టి మధ్యలో ఇంద్రజిత్తు చావు దగ్గర ఆపేస్తే ఊరుకుంటామా? రెండో భాగంలో పేజీలకి పేజీలు ఓడల లెక్క చెప్పడానికి చోటుంది, గుర్రానికి లేదా?

లెక్కలమాస్టారు
ఓడల లెక్క మీద చెయ్యి వేస్తే ఊరుకోను. 29 దళాలు, 1,186 ఓడలు, ఎక్కడెక్కడి ఊళ్ళు! నేనూ మొదటిసారి నిద్రపోయాను. రెండోసారి మా ఊరి తిరునాళ్ళ గుర్తొచ్చింది. రాత్రి మైకులో చందాదారుల పేర్లు చదువుతుంటారు, "ఫలానావారు 1,116 రూపాయలు" అని. బయటివాడికి విసుగు. ఊళ్ళోవాడు మాత్రం తన ఇంటిపేరు వచ్చేదాకా కదలడు. హోమర్ పాట విన్నవాళ్ళు కూడా తమ ఊరి పేరు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి ఉంటారు.

అత్తిలి_అబ్బాయి
1,116కి ఇంకో డెబ్భై కలిపితే గ్రీకుల చందా.

చదువరి74
సముద్రపుగాలి గారూ, ఇలియడ్ యుద్ధం కథ కాదు. గ్రీకులో మొదటి పదమే "కోపం". అకిలీస్ కోపం ఎలా మొదలైంది, ఎందర్ని కాల్చింది, ఎలా చల్లారింది, అంతే కవి ఎత్తుకున్న విషయం. గ్రీకు సేనల నాయకుడు అగమెమ్నాన్ అతనికి దక్కిన బందీ బ్రైసిస్‌ని లాక్కున్న రోజు మొదలు, హెక్టర్ చితి ఆరేదాకా, లెక్కేస్తే యాభై రోజుల చిల్లర. పదేళ్ళ యుద్ధంలో ఆ యాభై రోజులు. కోపం ఆరాక కవికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

సముద్రపుగాలి
అది పండితులు తర్వాత కూర్చిన సమర్థన అని నా అనుమానం. మిగతా కథ వేరే కావ్యాల్లో ఉందంటారు కదా?

చదువరి74
ఉండేవి. సిప్రియాలో యుద్ధానికి ముందు కథ, ఈథియొపిస్‌లో అకిలీస్ చావు, లిటిల్ ఇలియడ్‌లోనూ ఇలియు పెర్సిస్‌లోనూ గుర్రం, ట్రాయ్ పతనం. వీటిలో మనకి మిగిలినవి ముక్కలూ, ఎవరో రాసిపెట్టిన సంగ్రహాలూ. మనుషులు చేత్తో రాసి రాసి కాపాడుకున్నది మాత్రం గుర్రం లేని ఇలియడ్‌నే. అది సమర్థనో కాదో మీరే చెప్పండి.

పల్నాటి_పిల్లోడు
పాడే కథకి "మొత్తం" అని ఒకటి ఉంటుందా అసలు? మా వైపు కారంపూడి ఉత్సవాల్లో వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథ పాడతారు. ఒక రాత్రికి ఒక ఘట్టం. బాలచంద్రుడి యుద్ధం విన్నవాడెవడూ "కోడిపందెం ఎక్కడ?" అని అడగడు. అది ముందే తెలుసు. వినేవాడికి కథంతా తెలిసే ఉంటుంది, ఈ రాత్రి ఏ ముక్క ఎంత బాగా పాడతాడన్నదే లెక్క. ఓరుగల్లు_పిల్ల చెప్పిన డెమోడొకస్ చేసింది కూడా అదే కదా, "గుర్రం ముక్క పాడు" అంటే అక్కడినుంచి ఎత్తుకున్నాడు.

ఓరుగల్లు_పిల్ల
ఇది చాలా బాగా చెప్పారు. మిల్‌మన్ ప్యారీ అనే అమెరికన్ పండితుడు 1933 నుంచి 1935 దాకా యుగోస్లావియా పల్లెల్లో తిరిగి ఇలాంటి గాయకుల పాటలే అల్యూమినియం పళ్ళేల మీద రికార్డు చేశాడు. వాళ్ళలో అవ్దో మెజెదోవిచ్ అనే ఆయనకి చదవడం, రాయడం రాదు. ఒక్క కథనే 12,000 పైచిలుకు పంక్తులు చెప్పి రాయించాడు. దాంతో హోమర్ పద్ధతి అర్థమైంది. అకిలీస్ కదలకుండా కూర్చుని ఉన్నా "వడిగల కాళ్ళ అకిలీస్" అనే అంటాడు. తెల్లారినప్పుడల్లా "గులాబీ వేళ్ళ ఉషస్సు". ఛందస్సులో ఆ చోటికి సరిపోయే మాట నోట్లో సిద్ధంగా ఉంటుంది, గాయకుడు ఈలోగా తర్వాతి పంక్తి ఆలోచించుకుంటాడు. ప్యారీ 33 ఏళ్ళకే పోయాడు, పుస్తకం పూర్తి చేయకుండానే.

సముద్రపుగాలి
పల్నాటి_పిల్లోడి మాటకి ఒప్పుకుంటాను. గుర్రం వరకూ ఊరుకుంటా. అకిలీస్ మడమ సంగతో? అది లేకుండా అకిలీస్ ఏమిటి?

చదువరి74
మడమ ఇంకా తర్వాతది. ఒంటికి దెబ్బ తగలకూడదని తల్లి థెటిస్ పసివాణ్ణి పాతాళంలోని స్టిక్స్ నదిలో ముంచిందనే మాట మనకి దొరికేది స్టేషియస్ అనే రోమన్ కవి దగ్గర, క్రీ.శ. 1వ శతాబ్దంలో. హోమర్ అకిలీస్ ఒంటికి దెబ్బ తగులుతుంది. 21వ భాగంలో ఆస్టెరోపయొస్ రెండు చేతులతో ఒకేసారి రెండు బల్లేలు విసిరితే, ఒకటి డాలుకి తగిలింది, రెండోది కుడి ముంజేతిని గీసుకుపోయి నల్లటి నెత్తురు చిమ్మింది. మామూలు మనిషి ఒళ్ళే. హెక్టర్‌ని చంపితే వెంటనే నీ చావు అని తల్లి ముందే చెప్పింది. తెలిసే వెళ్ళాడు. మడమ తప్ప ఇంకెక్కడా దెబ్బ తగలనివాడు యుద్ధానికి వెళ్తే అందులో ధైర్యం ఏముంది?

అత్తిలి_అబ్బాయి
శశిరేఖా పరిణయం కోసం వ్యాస భారతం తిరగేసినవాళ్ళు ఎంతమంది లేరు మనలో! మా నాన్నగారు ఒక వేసవంతా వెతికారు. ఘటోత్కచుడు దొరికాడు గానీ శశిరేఖ దొరకలేదు.

గోదారిగట్టు
మడమ విషయం చదివాక అకిలీస్ మీద అభిప్రాయం మారింది. సరే, ఇంతకీ ట్రాయ్ అనే ఊరు నిజంగా ఉందా? అదైనా ఉందని చెప్పండి.

ఫ్రాంక్‌ఫర్ట్_తెలుగోడు
ఉంది. పోయిన వేసవిలో వెళ్ళొచ్చాను. టర్కీలో చానక్కలే దగ్గర హిసార్లిక్ అనే దిబ్బ. పెద్ద కోట ఊహించుకుని వెళ్తే దిగులు పడతారు. దిబ్బ చుట్టూ అరగంటలో తిరిగేయొచ్చు. కానీ ఏటవాలుగా కట్టిన రాతి గోడ పక్కన నిలబడి చెయ్యి ఆనించాను, రాళ్ళు ఎంత బాగా అతికాయంటే సందులో గోరు దూరదు. హోమర్ ట్రాయ్‌ని "గాలి వీచే ఊరు" అంటాడు. టోపీ చేత్తో పట్టుకోకపోతే ఎగిరిపోయేది. ఓడలు నిలిచిన తీరం కోసం చూస్తే పొలాలు కనిపించాయి. రెండు నదులు తెచ్చిన ఒండ్రు మూడు వేల ఏళ్ళలో ఆ అఖాతాన్ని పూడ్చేసింది, సముద్రం కిలోమీటర్ల అవతలికి వెళ్ళిపోయింది.

గుర్రం కావాలంటే అక్కడ రెండున్నాయి. దిబ్బ దగ్గర యాత్రికుల కోసం కట్టినది ఒకటి, చానక్కలే ఊళ్ళో సముద్రపు ఒడ్డున సినిమా కోసం చేసినది ఒకటి. మా అమ్మాయి రెండిటి దగ్గరా ఫొటో దిగింది.

రాతిపలక
ఆ దిబ్బలో ఒకదాని మీద ఒకటిగా తొమ్మిది ఊళ్ళు. 1870ల మొదట్లో ష్లీమన్ అనే జర్మన్ వర్తకుడు హోమర్ మీది పిచ్చితో అక్కడ తవ్వాడు. అక్కడే ఉందని అతనికి చూపించింది ఫ్రాంక్ కాల్వర్ట్, ఆ దిబ్బలో కొంత భాగం ఆయనదే. పేరు మాత్రం ష్లీమన్ కొట్టేశాడు. ట్రాయ్ అట్టడుగున ఉంటుందనుకుని పైపొరల్ని చీల్చుకుంటూ పెద్ద కందకం తవ్వించాడు. 1873లో బంగారం దొరికితే, హోమర్ చెప్పిన ట్రాయ్ రాజు, హెక్టర్ తండ్రి ప్రియామ్ నిధి అని ప్రకటించాడు. తీరా చూస్తే అది ప్రియామ్ కాలం అనుకునేదానికి వెయ్యేళ్ళ పైబడి పాతది. తనకి కావాల్సిన పొరలోంచే తవ్వుకుంటూ కిందికి వెళ్ళిపోయాడు. నాకు ఆ కందకం ఫొటో చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ బంగారం 1945లో బెర్లిన్ నుంచి మాస్కో చేరింది, ఇప్పుడు పుష్కిన్ మ్యూజియంలో ఉంది.

లెక్కలమాస్టారు
ఇప్పటి టర్కీని పూర్వం ఏలిన హిట్టైట్ల మట్టిపలకల్లో విలుసా అనే ఊరి పేరుంది. హోమర్ ట్రాయ్‌ని ఇలియోస్ అని కూడా అంటాడు, మొదట అది విలియోస్. క్రీ.పూ. 1280 ప్రాంతంలో విలుసా రాజు అలక్సందుతో హిట్టైట్ రాజు చేసుకున్న ఒప్పందం దొరికింది. హెలెన్‌ని తీసుకుపోయిన పారిస్‌కి ఇంకో పేరు అలెగ్జాండర్ కదా! పదేళ్ళ యుద్ధం జరిగిందనడానికి ఇది సాక్ష్యం కాదు, ఊరికి మాత్రం సాక్ష్యమే. ఇక గుర్రం గురించి పౌసానియస్ అనే గ్రీకు యాత్రికుడు క్రీ.శ. 2వ శతాబ్దంలోనే తేల్చేశాడు: ట్రాయ్ వాళ్ళు మరీ వెర్రివాళ్ళనుకుంటే తప్ప, అది గోడ బద్దలుకొట్టే యంత్రం అయ్యుండాలని.

ఓరుగల్లు_పిల్ల
మాస్టారూ, యంత్రం చేసేస్తే హెలెన్ ఎవరి చుట్టూ తిరగాలి? నేను ఒప్పుకోను.

రాతిపలక
గుర్రం మన వైపు దాకా వచ్చింది, అది చెప్పడం మర్చిపోయాను. గాంధారంలో, అంటే ఇప్పటి పాకిస్తాన్ ఉత్తరాన, దొరికిన ఒక రాతి ఫలకం లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. క్రీ.శ. 2, 3 శతాబ్దాల నాటిది. చక్రాల పీఠం మీద గుర్రం. ఒకడు దాని రొమ్ముకి ఈటె గురిపెట్టాడు. కోట గుమ్మంలో ఒక స్త్రీ రెండు చేతులూ పైకెత్తి అడ్డుగా నిలబడింది, ప్రియామ్ కూతురు కసాండ్రా అంటారు. ఆవిడ నడుము వంపూ, నగలూ చూస్తే మన యక్షిణే! బుద్ధుడి బొమ్మలు చెక్కే శిల్పులు ట్రాయ్ కథ చెక్కారు.

సముద్రపుగాలి
దీనికి తోడు ఇంకోటి. క్రీ.శ. 100 ప్రాంతంలో డియో క్రిసొస్టమ్ అనే గ్రీకు వక్త, భారతీయులు హోమర్‌ని తమ భాషలో పాడుకుంటారని చెప్పాడు. ప్రియామ్ దుఃఖం, హెక్టర్ భార్య ఆండ్రొమాకీ, తల్లి హెకుబా విలాపాలు వాళ్ళకి తెలుసన్నాడు. ఎవరో నావికుడు మన భారత కథ విని, స్త్రీపర్వంలో గాంధారి ఏడుపు విని, ఇది మా హోమరే అనుకున్నాడని చాలామంది పండితుల అభిప్రాయం. నాకూ అదే నమ్మబుద్ధేస్తుంది. చచ్చిన కొడుకుల కోసం ఏడ్చే ఏడుపు ఏ భాషలో విన్నా తెలిసిపోతుంది కదా.

ఆర్మూర్_రైతు
నేను ఇక్కడ చదవడమే తప్ప రాయను. సముద్రపుగాలి గారి చివరి మాట చూసి రాస్తున్నా.

మా తమ్ముడు గల్ఫ్‌లో పనిచేస్తూ 2016లో గుండె ఆగి చనిపోయాడు. శవం ఇంటికి రావడానికి 26 రోజులు పట్టింది. ఈ కాగితం లేదంటారు, ఆ సంతకం కావాలంటారు. మా బాపు అన్నం ముట్టలేదు. పొద్దంతా వాకిట్లో మంచం మీద కూర్చుని రోడ్డు వైపే చూసేవాడు. "వాణ్ణి ఒక్కసారి చూపియ్యండి" అనే మాట తప్ప ఇంకో మాట లేదు. శంషాబాద్‌లో పెట్టె దించినప్పుడు నేను కాగితాల మీద సంతకాలు పెడుతుంటే, ఆయన ఆ చెక్క మీద అరచెయ్యి పెట్టి అట్లనే నిలబడ్డాడు.

తర్వాత రెండేళ్ళకి ఒక స్నేహితుడు ఇలియడ్ 24వ భాగం ఒక్కటే ఇచ్చి చదవమన్నాడు. కొడుకు హెక్టర్ శవం అకిలీస్ దగ్గర పన్నెండు రోజులుగా పడి ఉంది. ముసలి రాజు ప్రియామ్ బండిలో బంగారం, బట్టలు పెట్టుకుని రాత్రిపూట శత్రువు గుడారానికి పోతాడు. తన కొడుకుల్ని చంపిన చేతుల్నే ముద్దు పెట్టుకుంటాడు. నీ తండ్రిని తలుచుకో అంటాడు. ఇద్దరూ ఏడుస్తారు, ఒకడు కొడుకు కోసం, ఇంకొకడు తండ్రి కోసం, యుద్ధంలో పోయిన స్నేహితుడి కోసం. అకిలీస్ శవాన్ని చాటున కడిగిస్తాడు, ముసలాయన ముందే చూస్తే తట్టుకోలేడని. రాజు తెచ్చిన బట్టల్లోంచే రెండు దుప్పట్లు, ఒక అంగీ తీసి పక్కన పెట్టిస్తాడు, శవానికి చుట్టడానికి. తన చేతులతో ఎత్తి పాడె మీద పడుకోబెడతాడు. తర్వాత అన్నం తినమంటాడు. కొడుకు పోయినప్పటి నుంచి ముసలాయన తినడం అదే మొదలు.

నాకు ఆ రెండు దుప్పట్ల దగ్గర ఆగిపోయింది. ఆ 26 రోజుల్లో మాతో అట్లా ఒక్కరు ఉన్నా బాగుండు అనిపించింది. ఆ పుస్తకంలో గుర్రం ఉందో లేదో నాకు గుర్తు కూడా లేదు.

ఓరుగల్లు_పిల్ల
అన్నా, మీ బాపు ఎలా ఉన్నారు ఇప్పుడు?

ఆర్మూర్_రైతు
ఉన్నాడమ్మా. పొలానికి పోతున్నాడు. మనవడికి తమ్ముడి పేరే పెట్టినం.

అత్తిలి_అబ్బాయి
ఏం రాయాలో తెలియడం లేదు అన్నా. చదివాను, అంతే.

గోదారిగట్టు
రాత్రి 24వ భాగం మళ్ళీ తీశాను. మొదటిసారి గుర్రం ఇంకా రాలేదే అనే తొందరలో ఆ దుప్పట్ల మాట నా కంట పడనేలేదు. అక్కడినుంచి వెనక్కి వెళ్ళి 22 కూడా చదివాను. హెక్టర్ చనిపోయాడని ఆండ్రొమాకీకి ఇంకా తెలియదు. మగ్గం మీద నేస్తూ, ఆయన వచ్చేసరికి స్నానానికి వేణ్ణీళ్ళు కాచమని పనివాళ్ళకి పురమాయిస్తుంది. అప్పుడు గోడ వైపునుంచి కేకలు వినిపిస్తాయి. ఇదీ మొదటిసారి గబగబా దాటేసిందే.

ఆరో భాగంలో పసివాడు తండ్రి శిరస్త్రాణం మీది జుట్టు చూసి జడుసుకుంటే, హెక్టర్ నవ్వి దాన్ని తీసి నేల మీద పెడతాడు కదా. అదొక్కటే నాకు మొదటిసారే గుర్తుండిపోయింది, మా వాడికి రెండేళ్ళు.

ఒడిస్సీ మొదలుపెడతాను. నేరుగా ఎనిమిదో భాగం తియ్యనా, ఒకటి నుంచి రానా?

ఓరుగల్లు_పిల్ల
ఒకటి నుంచే రండి. ఈసారి అథీనా అని పేరున్న అనువాదం చూసుకోండి, మొదటి భాగంలోనే వచ్చేస్తుంది. నాలుగులో హెలెన్ గుర్రం చుట్టూ తిరుగుతుంది. అక్కడికి చేరాక ఇక్కడే రాయండి.